నల్లా చివర గాలి

ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంది. నూట పదమూడు జంక్షన్లలో ఒక్కటీ ఎర్రగా లేదు. ట్యాంకు నుంచి చివరి వాడ దాకా ఎక్కడా 7 మీటర్లకు తక్కువ ప్రెషర్ లేదు. ఫైల్ సేవ్ చేశాను, పీడీఎఫ్ తీశాను, పంపించేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఏడాదిన్నర తర్వాత అదే చివరి వాడలో, ఒక పెద్దమ్మ ఇంటి ముందు నిలబడి నల్లా తిప్పాను. 'స్‌స్‌స్' మని గాలి వచ్చింది. నీళ్లు రాలేదు.

“ఈ పైపులకు బొమ్మ గీసింది నువ్వేనా బిడ్డా?” అందామె. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

“అవునమ్మా.”

“మరి నీ బొమ్మల నీళ్లొచ్చినయా?”

వచ్చాయి. బొమ్మలో బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ బొమ్మకూ ఈ నల్లాకూ మధ్య ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నా. సివిల్ చదివేవాళ్లకు పనికొస్తుంది. చదవనివాళ్లకు కూడా రేపు మీ ఇంటి నల్లా ఎందుకు సన్నగా వస్తోందో అర్థమవుతుంది.

నల్లా టైమ్

మాది గోదావరిఖని. బాపు బొగ్గు బాయిలో పంప్ ఆపరేటర్. మా చిన్నప్పుడు ఇంట్లో గోడ గడియారం కంటే రెండు టైములు ముఖ్యం. ఒకటి బాపు షిఫ్టు, రెండోది నల్లా. “నల్లా వచ్చిందో...” అని ఎవరో ఒకరు అరిస్తే చాలు, వాడంతా బిందెలు కదిలేవి. హోంవర్క్ సగంలో ఉన్నా లేవాల్సిందే.

విచిత్రం ఏమిటంటే మేముండేది గోదావరి పక్కన. పైన ఎల్లంపల్లి దగ్గర శ్రీపాద ప్రాజెక్టు, దాదాపు 20 టీఎంసీల నీళ్లు. ఆ నీళ్లతోనే 2600 మెగావాట్ల ఎన్టీపీసీ నడుస్తుంది. అక్కడినుంచే మూడు మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు పైపులో 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాద్‌కు రోజుకు 172 మిలియన్ గ్యాలన్ల నీళ్లు వెళ్లేలా పథకం కట్టారు. ఎల్లంపల్లి నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 148 మీటర్లు. హైదరాబాద్ ఉన్నదేమో 500 మీటర్ల పైన. అంటే ఆ నీళ్లు కొండెక్కినట్టు ఎక్కుతాయి. పైపు, పంపు, ప్రెషర్ లెక్క సరిగ్గా కుదిరితే నీళ్లను ఎక్కడికైనా పంపొచ్చు. లెక్క తప్పితే అర కిలోమీటర్ దూరంలోని వాడకు కూడా రావు.

డిగ్రీలో సివిల్ తీసుకున్నప్పుడు అందరూ బిల్డింగులు, బ్రిడ్జిలు అన్నారు. నేను పైపులు అన్నాను. నవ్వారు. మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించారు. 2019లో కేంద్రం జల్ జీవన్ మిషన్ తెచ్చింది. పైపుల లెక్కలు తెలిసినవాళ్లకు చేతినిండా పని దొరికింది. అలా ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరాను.

ప్రెషర్‌ను మీటర్లలో కొలుస్తారు

ముందు ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా సులువు. నీళ్ల ఇంజినీర్లు ప్రెషర్‌ను మీటర్లలో చెబుతారు. పది మీటర్ల ఎత్తు నీళ్లు నిలబెడితే అడుగున దాదాపు ఒక కేజీ ప్రెషర్ ఉంటుంది. మీ ఊరి ట్యాంకు 12 మీటర్ల స్తంభాల మీద ఉందనుకోండి. ట్యాంకు కింద నేల, మీ ఇంటి నేల ఒకే మట్టంలో ఉంటే, నీళ్లు కదలనప్పుడు మీ నల్లా దగ్గర 12 మీటర్ల ప్రెషర్. మీ ఇల్లు 4 మీటర్ల మెరక మీద ఉంటే ఎనిమిదే. మూడు మీటర్ల పల్లంలో ఉంటే పదిహేను.

నీళ్లు కదిలితే కథ మారుతుంది. పైపు గోడలకు రాసుకుంటూ పోయే నీళ్లు ప్రతి అడుగుకూ కొంత ప్రెషర్ పోగొట్టుకుంటాయి. పైపు సన్నగా ఉన్నకొద్దీ, నీళ్లు వేగంగా పోయినకొద్దీ నష్టం ఎక్కువ. హేజెన్ విలియమ్స్ సూత్రం అని మా పుస్తకాల్లో ఉండేది ఈ లెక్కే.

ఒక ఊరితో చూద్దాం. 400 ఇళ్లు, 1800 మంది. మనిషికి రోజుకు 100 లీటర్లు. మొత్తం 1,80,000 లీటర్లు. ఇరవై నాలుగ్గంటలూ సమానంగా వాడితే సెకనుకు రెండు లీటర్లకు కొంచెం పైన. కానీ మనం సమానంగా వాడం, పొద్దున్నే అందరం ఒకేసారి తిప్పుతాం. అందుకని మూడు రెట్లు పెట్టుకుంటారు. అంటే సెకనుకు ఆరుంబావు లీటర్లు. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లున్న ప్లాస్టిక్ పైపులో ఆ నీళ్లన్నీ ఒక కిలోమీటర్ పోతే సుమారు 7 మీటర్ల ప్రెషర్ ఖర్చవుతుంది. 12లో 7 పోతే 5. కష్టమే అయినా నల్లా వస్తుంది.

ఇప్పుడు అదే ఊరికి నీళ్లు రోజుకు రెండు గంటలే వదిలారనుకోండి. లక్షా ఎనభై వేల లీటర్లూ రెండు గంటల్లో పోవాలి. సెకనుకు 25 లీటర్లు. అదే పైపులో, అదే కిలోమీటర్‌కు నష్టం ఎంతో తెలుసా? 90 మీటర్లు! ట్యాంకు ఎత్తు పన్నెండే. అంటే ఆ నీళ్లు పోవు. పైన ఉన్న ఇళ్లు పట్టుకున్నంత పట్టుకుంటాయి, కింది వాడకు గాలే.

పైపు 150 మిల్లీమీటర్లు చేస్తే ఆ 90 కాస్తా పన్నెండున్నరకు దిగుతుంది. 200 చేస్తే మూడు మీటర్లే. వ్యాసం రెట్టింపు చేస్తే నష్టం దాదాపు ఇరవై తొమ్మిదో వంతుకు పడిపోతుంది. మరి అంతా 200 వేసేయొచ్చు కదా అంటారా? ఊరికి డబ్బులు లెక్కబెట్టే ఇస్తారు. ఏ వీధికి ఎంత పైపు అన్నదే డిజైన్ అంటే.

సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఒకే పైపయితే కాగితం మీద చేయొచ్చు. ఊరంతా వలలా అల్లుకున్న పైపుల్లో ఏ వీధికి ఎటునుంచి ఎన్ని నీళ్లు వస్తాయో చేత్తో తేల్చడం నరకం. 1936లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హార్డీ క్రాస్ దీనికో దారి చూపించారు. ముందు ఒక అంచనా వేసుకో, ప్రతి చుట్టులోనూ ఎంత తేడా వస్తుందో చూడు, సరిదిద్దు, మళ్లీ చూడు. తేడా సున్నాకు దగ్గరయ్యేదాకా అదే పని. మా సార్ బోర్డు మీద రెండు చుట్ల నెట్‌వర్క్ చేయించేసరికే పీరియడ్ అయిపోయేది.

ఇప్పుడు ఆ పని కంప్యూటర్ సెకనులో చేస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1993లో ఈపానెట్ అనే ప్రోగ్రామ్ తెచ్చింది. ఇప్పటికీ ఉచితమే. మా కాలేజీ పాత కంప్యూటర్లలో కూడా నడిచేది. ట్యాంకు, పైపు, జంక్షన్, పంపు, వాల్వ్ గీసి, ఎత్తులు, పొడవులు, వాడకం ఇస్తే, ఏ గంటకు ఎక్కడ ఎంత ప్రెషర్ ఉంటుందో చెబుతుంది. బెంట్లీ వాళ్ల వాటర్‌జెమ్స్ లాంటివి డబ్బు పెట్టి కొనాలి, వాటిలో సౌకర్యాలు ఎక్కువ. ఐఐటీ బొంబాయి వాళ్ల జల్‌తంత్ర ఉంది. కొమ్మల్లా చీలే ఊరి పైప్‌లైన్లకు తక్కువ ఖర్చులో ఏ సైజులు సరిపోతాయో అదే వెతికి పెడుతుంది. ఇదీ ఉచితమే.

ఇంకొకటి సివిల్ త్రీడీ. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, నేనూ వేశాను. అందులో ప్రెషర్ పైపుల నెట్‌వర్క్ గీయొచ్చు. రోడ్డు కింద ఎంత లోతులో పైపు పోతుంది, ఎక్కడ బెండు, ఎక్కడ టీ, ఎక్కడ వాల్వ్, జాయింటును కంపెనీ ఒప్పుకున్నదాని కంటే ఎక్కువ వంచామా, పైన మట్టి కప్పు చాలినంత ఉందా అన్నీ చూస్తుంది. డ్రాయింగులు అద్భుతంగా వస్తాయి. పేరులో ప్రెషర్ ఉంది కదా అని అది ప్రెషర్ లెక్క చేసేసిందనుకోవద్దు. అది పైపు ఎలా కూర్చుంటుందో చూస్తుంది, నీళ్లు ఎలా పోతాయో చూడదు. నీళ్ల లెక్కకు ఈపానెట్ లాంటిది వేరే నడపాల్సిందే. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో “సార్, డిజైన్ చెక్ అయిపోయింది” అని సివిల్ త్రీడీ రిపోర్టు చూపించి మా సీనియర్‌తో తిట్లు తిన్నాను.

నా తప్పులు మూడు

ఇక నేను గీసిన ఆ ఊరు. పేరు రాయను. ఓపెన్‌కాస్టు కోసం పాత ఊరు ఖాళీ అయితే, వాళ్లకు కట్టిన కొత్త కాలనీ అది. మా ప్రాంతంలో ఊళ్లు ఇలా లేచి వేరేచోట కూర్చోవడం కొత్తేమీ కాదు. కొత్త కాలనీ అంటే రోడ్లు, కరెంటు, నల్లాలు అన్నీ మొదటినుంచి వేయాలి.

మొదటి తప్పు, ఎత్తులు. సైట్ సర్వేకు టైమ్ లేదన్నారు. నేను ఉపగ్రహ డేటా నుంచి ఎత్తులు తీసుకున్నాను. ఎస్‌ఆర్‌టీఎం అని అంతరిక్ష నౌకలోంచి రాడార్‌తో కొలిచిన డేటా, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని కొలిచింది 2000 ఫిబ్రవరిలో. ఒక్కసారి ఆలోచించండి. బొగ్గు బెల్టులో 2000 సంవత్సరం నాటి నేల ఇప్పుడు ఉందా? అప్పుడు పొలం ఉన్నచోట ఇప్పుడు గొయ్యి ఉంది. గొయ్యి పక్కన మట్టి కుప్ప గుట్టలా లేచింది. దానికితోడు ఆ డేటాలో సహజంగానే కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. కొండలూ లోయలూ చూడటానికి అది చాలు. 7 మీటర్ల ప్రెషర్ తేల్చాల్సిన పనికి కొన్ని మీటర్ల తేడా అంటే మొత్తం మునిగినట్టే.

నా ఫైల్‌లో చివరి వాడ ట్యాంకు కంటే 3 మీటర్లు పల్లంలో ఉంది. నిజంగా అది 4 మీటర్ల మెరక. సగం డేటా తేడా, సగం లేఅవుట్ చేసేటప్పుడు మొరం పోసి లేపిన ఎత్తు. నా లెక్కలో 12కు 3 కలిపి, రాపిడికి 4 తీస్తే 11 మీటర్లు, పచ్చరంగు. నిజంలో 12లోంచి 4 పోయి, ఇంకో 4 పోయి, మిగిలింది 4.

రెండో తప్పు, టైమ్. ఇరవై నాలుగ్గంటల సరఫరా అనుకుని డిజైన్ చేశాను. కాగితంలో అలాగే ఉంది. ఊళ్లో రోజుకు ఒక పూట వదిలారు. అప్పుడు అన్ని నల్లాలూ ఒకేసారి తెరుచుకుంటాయి. కొందరు మోటర్లు బిగించి గుంజుతారు. ప్రవాహం రెట్టింపయితే రాపిడి నష్టం రెట్టింపు కాదు, మూడున్నర రెట్లకు పైన. నా 4 మీటర్లు 14 దాటింది. ఇక చివరి వాడలో మైనస్.

మూడో తప్పు కనిపించనిది. పాత పద్ధతి లెక్కలో సాఫ్ట్‌వేర్ ఒకటి ముందే ఒప్పేసుకుంటుంది. ప్రతి ఇల్లూ తనకు కావాల్సిన నీళ్లు ఎలాగైనా తీసుకుంటుందని. ప్రెషర్ మైనస్‌లోకి పోయినా 'ఇచ్చేశాను' అనే చూపిస్తుంది, పక్కన ఒక హెచ్చరిక వేస్తుంది అంతే. నిజంలో ప్రెషర్ లేకపోతే నీళ్లే లేవు. 2020లో వచ్చిన ఈపానెట్ 2.2లో దీనికి మందు ఉంది. ప్రెషర్‌ను బట్టి ఎన్ని నీళ్లు వస్తాయో లెక్కగట్టే పద్ధతి పెట్టారు. ఒక్క ఆప్షన్ మార్చాలి. నేను మార్చలేదు. అది ఉందని కూడా అప్పటికి తెలియదు.

ఇది నీళ్లు సన్నగా వచ్చే బాధతో ఆగదు. పైపులో ప్రెషర్ మైనస్‌కు పోతే బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుంది. పైపు డ్రైనేజీ పక్కనుంచి పోయి, జాయింటు దగ్గర చిన్న పగులుంటే చాలు. ఇంటికొచ్చే నీళ్లే రోగం మోసుకొస్తాయి. మోటర్ పెట్టి గుంజేవాళ్లకు తెలియకుండానే జరిగే పని ఇది.

బాపు చెప్పిన గాలి లెక్క

ఆ పెద్దమ్మ ఇంటి నుంచి వచ్చిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. బాపు రిటైరై ఇంట్లోనే ఉంటున్నాడు. “ఏమైంది బిడ్డా?” అన్నాడు. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. గీతలు, చుక్కలు. చాలాసేపు చూశాడు.

“ఇది బాయిల గాలి మ్యాపు లెక్కనే ఉన్నది గదా.”

నాకు అర్థం కాలేదు. చెప్పాడు. బొగ్గు బాయిలో పైన ఒక పెద్ద ఫ్యాన్ తిరుగుతుంది. ఒక దారి నుంచి మంచి గాలి లోపలికి వస్తుంది, ఇంకో దారి నుంచి పాడు గాలి బయటికి పోతుంది. మధ్యలో వందల గల్లీలు. గాలి బద్ధకస్తురాలు. దగ్గరి దారి దొరికితే అందులోంచే తిరిగి పోతుంది. దూరంగా బొగ్గు తీసేవాళ్లకు అందదు. అందనిచోట ఉక్కపోతొక్కటే కాదు, మీథేన్ గ్యాస్ పేరుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

“మరి దూరానికి గాలి ఎట్ల పంపుతరు బాపు? ఫ్యాన్ పెద్దది పెడతరా?”

“ఫ్యాన్ ఊకె మారుస్తరా? దగ్గరి దారికి అడ్డం గోడ కట్టి, గోడల చిన్న కంత పెడతరు. రెగ్యులేటర్ అంటరు. దగ్గరోనికి ఎంత గావాల్నో అంతే పోతది. మిగిలింది దూరం పోతది. నువ్వు గూడ గంతే చెయ్యి.”

నేను అలాగే కూర్చుండిపోయాను. తర్వాత చదివితే తెలిసింది, హార్డీ క్రాస్ పద్ధతినే గనుల గాలి లెక్కలకు కూడా వాడతారు. సూత్రంలో చిన్న తేడా తప్ప లెక్క ఒక్కటే. నేను నాలుగేళ్లు క్లాసులో కూర్చుని నేర్చుకున్నదాన్ని బాపు ముప్పై ఏళ్లు చీకట్లో నడిచి నేర్చుకున్నాడు.

సరిదిద్దడం

మరుసటి వారం సొంతంగా వెళ్లాను. ఆటో లెవెల్ పరికరం, స్టాఫ్ అద్దెకు తెచ్చుకున్నాం. నాతో చదివిన ఇద్దరు సోపతులు వచ్చారు. రామగుండం ఎండ గురించి చెప్పక్కర్లేదు, పదింటికే పనిముట్టు పట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. రెండు రోజుల్లో ప్రతి మలుపు దగ్గర నేల ఎత్తు తీశాం. ఆ ఎత్తులు పెట్టి, సరఫరా రెండు గంటలని పెట్టి, ప్రెషర్ బట్టి నీళ్లొచ్చే పద్ధతి ఆన్ చేసి రన్ కొట్టాను. చివరి వాడ మొత్తం ఎర్రగా మండింది. ఆ ఎరుపు చూసి మొదటిసారి కొంచెం తృప్తి అనిపించింది. బొమ్మ ఇప్పుడు నిజం చెబుతోంది.

తర్వాత బాపు మాట. ట్యాంకు దగ్గరి పల్లపు వాడలకు పోయే లైను మొదట్లో ఒక వాల్వ్ పెట్టి, సగానికి పైగా మూసినట్టు మోడల్‌లో చూపించాను. ఆ వాడలకు తగ్గింది, అయినా కావాల్సినన్ని వస్తున్నాయి. మెయిన్ లైన్లో ప్రవాహం తగ్గేసరికి రాపిడీ తగ్గింది. చివరి వాడకు నాలుగు మీటర్లు చేరింది. ఆ మెరకకు ట్యాంకు నుంచి కొంత దూరం ఇంకో పైపు వేరుగా వేస్తే అయిదున్నర. 1999 నాటి మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇంటికి 7 మీటర్లు ఉండాలి, రెండంతస్తులకు 12. మాకు అంత రాలేదు. ట్యాంకు ఎత్తు మార్చలేం. కానీ నేల మీది నల్లాకు అయిదున్నర మీటర్లంటే బిందె నిండుతుంది.

చేసిన తప్పు రాతపూర్వకంగా ఒప్పుకుని, కొత్త లెక్కతో కలిపి పంపాను. ఉద్యోగం పోతుందేమో అనుకున్నా. పోలేదు. పని జరగడానికి మాత్రం నెలలు పట్టింది. వాల్వ్ ముందు పెట్టారు, పైపు తర్వాత వేశారు.

ఒక ఇబ్బంది చెప్పాలి. వాల్వ్ మూసిన వారానికి దగ్గరి వాడ నుంచి గొడవ. “మా నీళ్లు ఎవరు తగ్గించిన్రు?” అని. వాళ్ల బాధ వాళ్లది, నిన్నటిదాకా మోటర్ లేకుండానే మేడ మీదికి ఎక్కేవి. పంచాయతీలో కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ చూపించాం. ఈ వాడ వాల్వ్ తెరిస్తే ఆ వాడ ఎర్రగా మారడం కళ్లముందే చూశారు. నూరు మాటల కంటే ఆ రంగు బాగా పనిచేసింది. అందరూ ఒప్పుకున్నారని చెప్పను. వాల్వ్ చాంబర్‌కు మూత, మూతకు తాళం అయితే వేశారు.

బొగ్గు నేల మీద పైపు

మా ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకో రెండు విషయాలున్నాయి, ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను అడగదు.

ఒకటి, కింద బాయి ఉండటం. అండర్‌గ్రౌండ్‌లో బొగ్గు తీశాక పైకప్పును కూలనిస్తారు. అడ్రియాల లాంటి లాంగ్‌వాల్ గనుల్లో పని జరిగేదే అలా. లోపల కూలితే పైన నేల నెమ్మదిగా కుంగుతుంది. అలాంటి చోట ముక్కలు ముక్కలుగా జోడించే పైపు జాయింట్ల దగ్గర ఊడుతుంది. వేడిచేసి అతికించే హెచ్‌డీపీఈ పైపు ఒకే తాడులా ఉంటుంది, నేలతోపాటు కొంత వంగుతుంది. అందుకే లైను గీసేముందు గని మ్యాపు అడగాలి.

రెండు, నీటి దెబ్బ. బాపు ఎప్పుడూ చెప్పే కథ. పంపు ఉన్నట్టుండి ఆగితే పైపులన్నీ 'దడ్' మని ఎగిరేవట. పరుగెత్తే నీళ్లను టక్కున ఆపితే ఆ ఊపు ప్రెషర్‌గా మారుతుంది. ఉక్కు పైపులో సెకనుకు మీటర్ వేగంతో పోయే నీళ్లను ఒక్కసారిగా ఆపితే దాదాపు వంద మీటర్ల ప్రెషర్ అదనంగా పుడుతుంది. అంటే పది కేజీలు! ఈపానెట్ ఈ లెక్క చేయదు, దానికి వేరే ప్రోగ్రాములున్నాయి. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో పంపింగ్ లైను గీసేవాళ్లు ఇది మరిస్తే మొదటి నెలలోనే పైపు పగులుతుంది.

మీరూ ఒకసారి గీయండి

ఈపానెట్ డౌన్‌లోడ్ చేసుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు. మీ వాడనే తీసుకోండి. ట్యాంకు ఎక్కడ, పైపులు ఎటు పోతాయి, ఎన్ని ఇళ్లు, నల్లా ఎన్ని గంటలు వస్తుంది. పాత లైన్‌మన్‌ను అడిగితే సగం చెబుతాడు, ఏ వాల్వ్ తెరిచి ఉందో, ఏది ఏళ్లుగా తుప్పు పట్టి మూసుకుపోయిందో ఆయనకే తెలుసు. ఎత్తులు మాత్రం ఫోన్‌లోంచి తీసుకోకండి. అద్దె పరికరం దొరక్కపోతే మేస్త్రీలు వాడే నీళ్ల పైపు మట్టంతోనైనా కొలవండి. తర్వాత చివరి ఇంటికి వెళ్లి నల్లా చూడండి. బొమ్మా నల్లా ఒకటే చెబితే మీ మోడల్ మంచిది. తేడా వస్తే నల్లాదే నిజం.

దేశంలో చాలా ఊళ్లలో నల్లా ఇంకా కొన్ని గంటలే వస్తోంది. అదొక్కటే దారి కాదు. కర్ణాటకలో హుబ్బళ్లి ధార్వాడలోని కొన్ని వార్డుల్లో 2008లోనే రోజంతా నీళ్లివ్వడం మొదలుపెట్టారు. ఒడిశాలో పూరీ పట్నం 2021 నుంచి నల్లా నీళ్లనే నేరుగా తాగేలా రోజంతా సరఫరా చేస్తోంది. పైపులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటే మురికి లోపలికి రాదు, ఎవరూ ఒకేసారి ఎగబడరు, మోటర్ల గోల ఉండదు. అదేదో మాయ కాదు. మట్టాలు సరిగ్గా కొలిచి, జోన్లుగా విడగొట్టి, లీకులు పట్టుకుని చేసిన పని.

మొన్న ఆ కాలనీ మీదుగా వెళ్తూ చివరి వాడ దగ్గర బండి ఆపాను. నీళ్ల టైమే. పెద్దమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నల్లా కింద బిందె ఉంది, నీళ్లు పడుతున్నాయి. ధార లావుగా ఏం లేదు, కానీ తెగకుండా పడుతోంది.

“ఎంతసేపట్ల నిండుతది అమ్మా?” అన్నాను.

“నిండుతది తియ్యి. నువ్వు కూసో, చాయ్ పెడత” అంది.

ఫోన్ తీసి స్టాప్‌వాచ్ ఆన్ చేశాను. అలవాటు. చాయ్ అయ్యేలోపు బిందె నిండి పొర్లింది. ఆమె లేచి నల్లా కట్టేసింది. ఆ సెకన్లు నోట్ చేసుకుని, ఇంటికెళ్లాక మోడల్‌లో చూశాను. కొంచెం తేడా ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లి కొలవాలి.